కొరియాలో అడ్జస్ట్ లేదట, పాపం!

కొరియా దేశాన్ని తలుచుకుంటే నాకు జాలి వేస్తోంది.

వాళ్ళకు ఫ్యాక్టరీలున్నాయి, ఫోన్లున్నాయి, కార్లున్నాయి, మన ఆడపిల్లలు అన్నం చల్లారబెట్టుకుని మరీ చూసే సీరియల్సున్నాయి. కానీ ‘అడ్జస్ట్’ లేదు! ఇంత చిన్న మాట లేకుండా అంత పేరున్న దేశం ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చిందో నాకు అంతుపట్టడం లేదు.

నేను నోటికొచ్చినట్టు మాట్లాడే మనిషిని కాను. నూజివీడులో ఒక స్వీట్ల కొట్టు పైన స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకునే మాస్టార్ని. అడ్జస్ట్ మీద నా అంత పరిశోధన చేసినవాడు జిల్లాలో లేడని మా వీధివాళ్ళు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు అడ్జస్ట్ అయ్యారు.

ఈ మాటను పుట్టించింది ఇంగ్లీషువాళ్ళే, కాదనను. పుట్టించి ఏం చేశారు? స్క్రూ తిప్పుకున్నారు. టై ముడి సరిచేసుకున్నారు. కారు అద్దం కాస్త వంచుకున్నారు. అంతే! ఏనుగును కొనుక్కుని దాని మీద తడిబట్టలు ఆరేసుకున్నట్టుంది వ్యవహారం.

ఆ మాటను మనం పైకి తెచ్చాం. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే షేర్ ఆటో చూడండి. డ్రైవరు పక్కన అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. వాళ్ళు కూర్చున్నాక డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడు? నేను చాలాసార్లు వంగి చూశాను. ఎక్కడా కూర్చోడు. అడ్జస్ట్ అవుతాడు.

బాపులపాడు దగ్గర ఒక ఫంక్షన్ హాలువాళ్ళు ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారు. వేరే దేశంలో అయితే కోర్టుకెక్కేవాళ్ళు. మనవాళ్ళు హాల్లో ఒక పెళ్ళి, భోజనాల షెడ్డులో ఒక పెళ్ళి కానిచ్చారు. నేను వెళ్ళాల్సింది హాల్లో పెళ్ళికి. భోజనాల షెడ్డులో జంటకు అక్షింతలు వేసి, వాళ్ళ పప్పే తిని, వాళ్ళ గిఫ్టుబ్యాగే పుచ్చుకుని ఇంటికొచ్చాను. ఎవరికైనా నష్టం జరిగిందా?

మా వీధిలో ఒకాయన కుడివైపు పన్ను నొప్పని వెళ్తే డాక్టరు ఎడమవైపు పన్ను పీకాడు. ప్రస్తుతానికి దీంతో అడ్జస్ట్ అవ్వండన్నాడు. ఆయన అయ్యాడు. ఇంటికొచ్చి భార్యకు చెప్తే, రేపు కుడివైపుది కూడా పీకించుకుంటే రెండువైపులా సమంగా ఉంటుంది లెండి అందట. ఇలాంటి ఇల్లాలు కొరియాలో దొరుకుతుందా?

ఇంత మహత్తరమైన మాటను కొరియన్‌లో ఏమంటారన్న ప్రశ్న నాకు మొన్న మే నెలలో ఎదురైంది. అది చెప్పాలంటే ముందు మా రవిచంద్ర గురించి చెప్పాలి.

రవిచంద్రకు ముసునూరు రోడ్డులో మామిడితోట ఉంది. తోటలోనే ఒక పెద్ద షెడ్డు. చుట్టుపక్కల తోటల కాయ కూడా అక్కడికే వస్తుంది. ఆడవాళ్ళు తొడిమ కత్తిరించి, సొన కారేదాకా కాయను బోర్లించి, తుడిచి, సైజులవారీగా విడదీసి పెట్టెలకెత్తుతారు. ఎలాగైనా తన బంగినపల్లి కొరియా వెళ్ళాలన్నది రవిచంద్ర కోరిక. తాను వెళ్ళకపోయినా పరవాలేదట.

ఆ ఆడవాళ్ళందరికీ మేస్త్రి భాగ్యవతి. పొద్దున్నే టిఫిన్ బాక్సుతో వచ్చి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వెళ్తుంది. సొన పడి పడి ఆమె ముంజేతుల మీద నల్లటి మచ్చలు. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ షెడ్డుకు బాత్రూమ్ లేదు. దాని బదులు తోట చివర రెండు చిన్నరసం చెట్ల మధ్య ఒక పాతచీర కట్టి ఉంటుంది. ఆ చీర దాటి మగవాడు అడుగు పెట్టడు. బోర్డు లేదు, కాపలా లేదు. ఏటా సీజను మొదట్లో ఆడవాళ్ళలో ఎవరో ఒకరు ఇంటినుంచి చీర తెచ్చి కడతారు. ఈ ఏడు నీలం చీర, పసుప్పచ్చ పువ్వులు. తెచ్చింది భాగ్యవతే.

ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! ఇటుక లేదు, సిమెంటు లేదు, గాలీ వెలుతురూ ధారాళం. పైగా నీళ్ళ ఆదా. అంత దూరం ఎండలో పడి వెళ్ళడమెందుకని ఆ ఆడవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగరు. రోళ్ళు పగిలే ఎండలో, నోట్లో తడి లేకుండా, నవ్వుతూ కాయ తుడుస్తారు. ఈ సంగతి సైంటిస్టులకు తెలిస్తే ఒంటెలను వదిలేసి మా షెడ్డుకొస్తారు.

అయితే సీజను మొదట్లోనే భాగ్యవతికి ఒంట్లో బాగోలేదు. మూత్రంలో మంట, నడుమునొప్పి, సాయంత్రానికి జ్వరం. డాక్టరమ్మ పరీక్షలు చేసి, రోజూ బిందెడు నీళ్ళు తాగాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు, ఇలాగే సాగితే కిడ్నీలదాకా పోతుందని చెప్పింది. భాగ్యవతి షెడ్డుకొచ్చి రవిచంద్రకు ఆ మాటే చెప్పింది. నేనక్కడే ఉన్నాను.

“షెడ్డు పక్కన ఒక బాత్రూమ్ కట్టించండి బాబుగారూ. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంటోంది. తాగితే మాటిమాటికీ తోట చివరిదాకా ఎక్కడ వెళ్తానండీ?”

“సీజనెంతమ్మా, కళ్ళు మూసి తెరిస్తే అయిపోద్ది. కొంచెం అడ్జస్ట్ అవ్వండి,” అన్నాడు రవిచంద్ర.

గమనించారా? ఏళ్ళ తరబడి చదివిన డాక్టరమ్మ చదువును టెన్త్ చదివిన రవిచంద్ర ఒక్క మాటతో కొట్టేశాడు. ఆ ‘కొంచెం’ చూడండి, ఎంత మర్యాద! అవతలివాళ్ళు భరించాల్సింది ఎంత పెద్దదైనా ఇవతలివాళ్ళ నోట్లో అది కొంచెమే. భాగ్యవతి వెళ్ళి కాయ తుడుచుకుంది. నీళ్ళు తాగలేదు.

ఇది జరిగిన కొన్నాళ్ళకు కొరియా కంపెనీ నుంచి ఫోనొచ్చింది. హాన్ అనే మేడమ్ తోటా షెడ్డూ చూడటానికి వస్తోంది. ఆవిడ చూసి సరేనంటేనే కాయ కొంటారు. మాటల మధ్యలో వాళ్ళు అడిగారట, పనిచేసేవాళ్ళకు బాత్రూమ్ ఉందా అని. ఉందని చెప్పేశాడు రవిచంద్ర. చెప్పాక కట్టించాడు.

అబ్బ, ఏం కట్టించాడండీ! లోపల పాలరాయిలాంటి టైల్స్. గోడకు అద్దం, అద్దం మీద ప్లాస్టిక్ గులాబీలు. బయట తలుపు మీద కమలాలు చెక్కించాడు. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కట్టారు. ఆ రిబ్బను కత్తిరించింది నేనే. ఆ సందర్భంగా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడా మాట్లాడాను. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత రవిచంద్ర తలుపేసి, పిడికిలంత ఇత్తడి తాళం కప్ప బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“మాకే కదండీ కట్టించింది?” అని అడిగింది భాగ్యవతి.

“మీకేనమ్మా. ఇప్పట్నుంచే వాడితే మరకలు పడతాయి. మేడమ్ వచ్చి చూసి వెళ్ళనీ. అప్పటిదాకా అడ్జస్ట్ అవ్వండి.”

అయ్యారు. కొత్త బాత్రూమ్ పక్కనుంచే నడుచుకుంటూ రోజూ నీలం చీర దగ్గరికి వెళ్ళారు. అతిథి కోసం కొన్న కొత్త గ్లాసులు ఇంట్లోవాళ్ళు ముట్టుకోరు కదా. ఇదీ అంతే. మన సంస్కారం అలాంటిది.

హాన్ మేడమ్ వచ్చింది. సన్నటి మనిషి, తెల్లటి టోపీ. మాట సాయానికి మా అన్నయ్య కూతురు ప్రవల్లికను తీసుకెళ్ళాం. ప్రవల్లిక డిగ్రీ చదువుతోంది. కొరియన్ సీరియల్స్ చూసి చూసి, ఏడుపు ఆగక ఆన్‌లైన్‌లో ఆ భాష నిజంగానే నేర్చుకుంది. రవిచంద్ర తెలుగులో చెప్పేది ఆవిడకు కొరియన్‌లో చెప్పాలి. అమ్మాయి తప్పులు పోతే సరిదిద్దడానికి నేను. నాకు కొరియన్ రాదనుకోండి, అది వేరే సంగతి.

గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగిన హాన్ మేడమ్‌ను కారెక్కించే దగ్గరే ఈ మాటల గొడవ మొదలైంది. కార్లో పట్టేవాళ్ళకంటే ఎదురెళ్ళినవాళ్ళం ఎక్కువ. ఇంకాస్త జరిగి అడ్జస్ట్ అవ్వమనమ్మా అన్నాడు రవిచంద్ర. ప్రవల్లిక ఏదో చెప్పింది. అందులో ‘యాంగ్‌బో’ అని వినపడింది.

షెడ్డులో కాటా తప్పు చూపిస్తోంది. కాస్త అడ్జస్ట్ చేస్తే సరిపోతుందని చెప్పమన్నాడు. ఈసారి ‘చోజాంగ్’ అంది. మధ్యాహ్నం భోజనంలో ముద్దపప్పూ ఆవకాయా పెట్టాం. హాన్ మేడమ్ కళ్ళవెంట ధారగా నీళ్ళు. రెండు రోజులుంటే మా కారానికి అడ్జస్ట్ అయిపోతారని చెప్పమన్నాడు. ప్రవల్లిక ‘చగుంగ్’ అంది.

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి కడుక్కునే నెపంతో అమ్మాయిని పక్కకు పిలిచాను.

“ఏంటమ్మా ఇది? ఆయన ఒకే మాట చెప్తుంటే నువ్వు పూటకో మాట చెప్తున్నావు. పరువు పోతోంది.”

“ఒక్క మాట లేదు బాబాయ్,” అంది ప్రవల్లిక. “మిషను సరిచేస్తే చోజాంగ్. కొత్తదానికి అలవాటు పడితే చగుంగ్. మన చోటు ఇంకొకళ్ళకి ఇస్తే యాంగ్‌బో. ఏం జరిగిందో, ఎవరికి జరిగిందో తెలిస్తేగానీ ఏ మాట చెప్పాలో తెలీదు.”

వినండి పాఠకులారా, ఆ దేశపు దౌర్భాగ్యం! నోరు తెరిచే ముందు ఏం జరిగిందో తెలుసుకోవాలట! ఎవరు భరిస్తున్నారో కూడా చూడాలట! ఇలా అయితే ఆఫీసులెలా నడుస్తాయి? కాపురాలెలా నిలుస్తాయి? మనకు ఆ శ్రమ లేదు. ఏం జరిగిందో చూడకుండానే అనేయొచ్చు. నిజానికి చూడకుండా ఉండటానికే అంటాం.

“ఇంకోటి కూడా ఉంది బాబాయ్. చామ్తా. వేరే దారి లేక పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటే ఆ మాట.”

“అది మనకు అవసరం రాదులే,” అన్నాను.

భోజనాలయ్యాక తోట చూడటానికి బయల్దేరాం. మన మర్యాద తెలుసుగా, చెట్టు చెట్టుకూ ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాం. కొబ్బరి నీళ్ళు, మజ్జిగ, గ్లాసుడు మామిడిరసం, మళ్ళీ కొబ్బరి నీళ్ళు. వద్దంటే మొహమాటపడుతోందని ఇంకొకటి పోశాం. అలా తాగిస్తూ తాగిస్తూ తోట చివరికొచ్చేసరికి నీలం చీర కనిపించింది. హాన్ మేడమ్ ఆగి, అదేంటని అడిగింది.

రవిచంద్ర గొంతు సవరించుకున్నాడు. “ఏం లేదు. లేబర్ ఆడవాళ్ళు అక్కడ అడ్జస్ట్ అవుతారని చెప్పమ్మా.”

ప్రవల్లిక వెనక్కి తిరిగింది. మా వెనకాలే బుట్టతో వస్తున్న భాగ్యవతి వైపు చూసింది. సొన మచ్చలు పడ్డ ఆ చేతుల వైపు, ఎండిపోయిన పెదాల వైపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. నాకు అందులో ఒక్క మాటే తెలిసింది, చామ్తా.

హాన్ మేడమ్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. మరి బాత్రూమ్ ఉందన్నారుగా అని అడిగిందట. ఆ మాట కోసమే కాచుకున్న రవిచంద్ర మొహం వెలిగిపోయింది. అందరం ఊరేగింపుగా వెనక్కి నడిచాం. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, గర్భగుడి తెరిచినంత భక్తిగా ఆ కమలాల తలుపు తెరిచాడు. అద్దం మెరిసింది. ప్లాస్టిక్ గులాబీలు తళతళలాడాయి.

ఆవిడ చూసి మెచ్చుకుంటుందని అనుకున్నాం. చూడటానికి కాదు, వెళ్ళడానికొచ్చింది! అన్ని కొబ్బరిబోండాలు ఊరికే పోతాయా? లోపలికెళ్ళి తలుపు మూసుకుంది. రెండు క్షణాల్లో తలుపు మళ్ళీ తెరుచుకుంది. బయటికి తల పెట్టి ఏదో అంది.

“లోపల గడియ లేదంటున్నారు,” అంది ప్రవల్లిక.

మేమందరం వెళ్ళి చూశాం. నిజంగానే లేదు. బయట వైపు ఇంత లావు గడియ, ఇంత లావు తాళం కప్ప. లోపలివైపు నున్నటి చెక్క, దాని మీద వార్నిష్. రవిచంద్ర మరిచిపోయాడా? వడ్రంగి మరిచిపోయాడా? రిబ్బను కత్తిరించిన నేను మరిచిపోయానా? ఎవరమూ మరిచిపోలేదు. దాని లోపలికి ఒక మనిషి వెళ్తుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, అంతే.

“మేడమ్‌ని ఈ పూటకి కొంచెం...” అని ఆగాడు రవిచంద్ర.

“ఏ మాట చెప్పమంటారంకుల్?” అంది ప్రవల్లిక.

అంత మాటకారి రవిచంద్ర తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. భాగ్యవతి బుట్ట కింద పెట్టి ముందుకొచ్చింది. తలుపు దగ్గరకు లాగి, గడప మీద నిలబడి, దాన్ని వీపుతో అదిమి పట్టుకుంది. “వెళ్ళండమ్మా, నేనున్నా,” అంది. ఆ తెలుగును ఎవరూ కొరియన్‌లోకి మార్చాల్సిన పని పడలేదు.

హాన్ మేడమ్ బయటికొచ్చి, వాళ్ళ పద్ధతిలో భాగ్యవతికి తల వంచి దణ్ణం పెట్టింది. అక్కడితో కథ అయిపోయిందని రవిచంద్ర తాళం కప్ప చేతిలోకి తీసుకున్నాడు.

“తాళం ఎటూ తీశారుగా బాబుగారూ. మేం కూడా వెళ్ళొస్తాం,” అంది భాగ్యవతి.

కొరియా మేడమ్ ఎదురుగా వద్దని ఎలా అంటాడు? నవ్వాడు. షెడ్డులోంచి ఆడవాళ్ళు జంటలు జంటలుగా వచ్చారు. ఒకామె లోపలికి, ఒకామె తలుపుకు కాపలా. తిరిగొచ్చినవాళ్ళు గ్రేడింగ్ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా కుండ దగ్గరికెళ్ళారు. చెంబు ముంచుకుని, తలెత్తి, గటగటా మంచినీళ్ళు తాగారు. భాగ్యవతి అయితే చెంబు దించకుండా తాగి, మళ్ళీ ముంచింది. అలా తాగాక మళ్ళీ తలుపు దగ్గర వరసలో నిలబడాలి కదా? కుండ దగ్గర ఒక వరస, తలుపు దగ్గర ఒక వరస. బల్ల దగ్గర పిట్ట లేదు.

ఇక్కడ మామిడికాయ గురించి ఒక మాట చెప్పాలి. మా నూజివీడులో మనుషులు అడ్జస్ట్ అవుతారు, బస్సులు అవుతాయి, కరెంటు అవుతుంది. కాయ మాత్రం అవ్వదు. కోసిన కాయ ఎండ వేడికి ఒకదాని మీద ఒకటి పడుంటే, సొన కారి మచ్చ పడుతుంది, లోపల ఉడికిపోతుంది. ఎంత బతిమాలినా వినదు. షెడ్డు బయట ట్రాక్టరు నిండా బంగినపల్లి అలాగే ఉంది.

రవిచంద్ర వాచీ చూసుకున్నాడు, ట్రాక్టరు చూశాడు, వరస చూశాడు. “భాగ్యవతీ, కాయ ఉడికిపోతోందమ్మా. ఒక్కొక్కళ్ళే వెళ్ళొచ్చుగా? ఈ జంటలెందుకు?”

“లోపల గడియ లేదు కదండీ బాబుగారూ. మనిషికో మనిషి కాపలా ఉండాలి.” చెంగుతో మూతి తుడుచుకుని, ఎంతో మర్యాదగా అంది, “కొంచెం అడ్జస్ట్ అవ్వండి.”

పాఠకులారా, నేను చలించిపోయాను. ఇన్నేళ్ళ నా పరిశోధనలో ఆ మాట కింది నుంచి పైకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. అది పైనుంచి జారే మాట. ఆఫీసరు నుంచి గుమాస్తాకు, మొగుడి నుంచి పెళ్ళానికి, ఆసామి నుంచి కూలికి వానచినుకులా రాలాలి. అలాంటిది ఒక మేస్త్రి దాన్ని తీసి ఆసామికి అంటగట్టడమా! భాష ఏమైపోవాలి?

“ఏమందని అడుగుతున్నారు మేడమ్,” అంది ప్రవల్లిక నవ్వాపుకుంటూ, “యాంగ్‌బో అని చెప్పాను బాబాయ్. మన చోటు ఇంకొకళ్ళకి ఇవ్వడం.”

వడ్రంగిని బైకు మీద తీసుకొచ్చారు. ఉడికిపోతున్న కాయ సాక్షిగా, లోపలివైపు గడియ పడింది. ఇత్తడి తాళం కప్ప మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఆ సాయంత్రం భాగ్యవతి తోట చివరికెళ్ళి నీలం చీర విప్పి, మడతపెట్టి ఇంటికి పట్టుకెళ్ళింది. కాయ కొంటామని హాన్ మేడమ్ చెప్పింది. వెళ్తూ వెళ్తూ మన ‘అడ్జస్ట్’ను తన ఫోన్లో రికార్డు చేసుకుంది. వాళ్ళ దేశంలో ఎవరికైనా వినిపించి నవ్వుకోవడానికో, ఏడవడానికో నాకు తెలియదు.

అయినా నా అభిప్రాయం మారలేదు. అడ్జస్ట్ గొప్ప మాట. కొరియా వాళ్ళు దాన్ని ఇవాళో రేపో నేర్చుకోక తప్పదు. ఈ సంగతి లోకానికి చాటాలనే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. పక్కన మరచెంబు నిండా చల్లటి నీళ్ళు పెట్టుకుని, తాగుతూ రాశాను. మధ్యలో లేచి వెళ్ళొచ్చాను కూడా. మీరు గమనించి ఉండరు.

వెళ్ళినప్పుడు మా ఇంటి బాత్రూమ్ తలుపు మొదటిసారి పరీక్షగా చూశాను. గడియ లోపలివైపే ఉంది. అడ్జస్ట్ అవ్వండని ఎదుటివాళ్ళకు చెప్పాలంటే, మనది అక్కడే ఉండాలి.